మూతపెట్టిన బిలావో

కొబ్బరి గురించి నాకు ఇంకొకరు చెప్పాలా అన్న ధీమాతో నేను ఫిలిప్పీన్స్‌లో కాపురం పెట్టాను. పుట్టింది కోనసీమలో. అంబాజీపేట మార్కెట్టుకి కొబ్బరికాయల బండ్లు వెళ్తుంటే చూస్తూ పెరిగాను. లౌజు, బూరెలు, కొబ్బరన్నం, పరమాన్నం, ఏ పండగకి ఏది చేయాలో నిద్రలో లేపి అడిగినా చెప్పగలను. బియ్యం, బెల్లం, కొబ్బరి చేతిలో ఉంటే ఏ దేశపు వంటిల్లయినా నాకు పరాయిది కాదనుకున్నాను. ఆ అనుకోవడం ఎంత తెలివితక్కువో, దానివల్ల ఒక పెద్దావిడని నేనెలా కష్టపెట్టానో ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదు.

మావారిది వరి పరిశోధన. మనీలా దాటి దక్షిణంగా అరవై కిలోమీటర్ల పైచిలుకు వెళ్తే లగూనా ప్రావిన్స్‌లో, మకిలింగ్ కొండ పాదాన లోస్ బాన్యోస్ అనే ఊరుంది. అంతర్జాతీయ వరి పరిశోధనా సంస్థని 1960లో పెట్టింది అక్కడే. ఐ.ఆర్. 8 వరి రకం అక్కడి మళ్ళలో పుట్టి 1966లో బయటికొచ్చింది. దాన్ని గోదావరి నేలమీద పండించి చుట్టుపక్కల రైతులకి నమ్మకం కలిగించిన ఆచంట రైతు నెక్కంటి సుబ్బారావు గారి పేరు మా ఇళ్ళలో చిన్నప్పటినుంచీ వినేదే. అందుకని అక్కడ దిగేసరికే ఆ ఊరితో నాకు చుట్టరికం ఉన్నట్టనిపించింది. చుట్టూ కొబ్బరితోటలు, ఎదురుగా వరిచేలు. ప్రపంచంలో కొబ్బరి పంటకి ఇండోనేషియా తర్వాత ఫిలిప్పీన్సే, ఆ తర్వాత మనం. ఇంకేం కావాలి, ఇది మన ఊరే అనుకున్నాను.

మా ప్రహరీ అవతల ఇంట్లో ఉండే పెద్దావిడని వీధంతా నానాయ్ అనేవారు. నేనూ అలాగే పిలిచాను. ఆవిడ నన్ను అనాక్ అనేవారు, కన్నబిడ్డని పిలిచినట్టు. మధ్యాహ్నం ఎండ వాలాక, అక్కడివాళ్ళు మెరియెందా అనే చిరుతిండి వేళకి, గోడమీదుగా ఒక గిన్నె అందించడం ఆవిడ అలవాటు. మొట్టమొదట వచ్చింది గినతాంగ్ బిలో-బిలో. చిక్కటి కొబ్బరిపాలలో తెల్లటి పిండి ఉండలు, సగ్గుబియ్యం, పనస తొనల ముక్కలు, చిలగడదుంప, సబా అరటిపండు. ఒక చెంచా తినగానే "ఇవి మా పాల ఉండ్రాళ్ళే నానాయ్, మేం వినాయకుడికి పెడతాం" అన్నాను. ఆవిడ చాలా సంతోషించారు. గిన్నె ఖాళీగా తిరిగివ్వకూడదు కనుక మర్నాడు ఏలకులు, నెయ్యి, జీడిపప్పు వేసి మా పద్ధతిలో చేసి పంపాను. ఎలా చేశావు అనాక్ అని ఆవిడ గోడ దగ్గర నిలబడి అడిగారు. పిండి ఎలా ఉడికించాలి, బెల్లం ఎప్పుడు వేయాలి, పాలు విరక్కుండా ఏం చేయాలి, అన్నీ చెప్పాను. శ్రద్ధగా విన్నారు. మీరెలా చేస్తారని నేను అడగలేదు. ఆ పూటే కాదు, ఆ తర్వాత కూడా చాలాకాలం అడగలేదు.

అడగాల్సిన అవసరం ఏముందన్నదే నా ధోరణి. కకానిన్ అని వాళ్ళు చెప్పుకునే బియ్యపు మిఠాయిల్లో దేన్ని చూసినా నాకు వెంటనే మనది ఏదో ఒకటి గుర్తొచ్చేది, గుర్తొచ్చాక ఇక దానివైపు చూడటం మానేసేదాన్ని. బిబింకా సంగతే తీసుకుందాం. డిసెంబరు 16 నుంచి 24 దాకా తెల్లవారకముందే చర్చిల్లో సింబాంగ్ గాబి ప్రార్థనలు జరుగుతాయి. బయట వరసగా పొయ్యిలు. నానబెట్టి రుబ్బిన బియ్యప్పిండిని, గలపోంగ్ అంటారు దాన్ని, కొబ్బరిపాలు, గుడ్లు కలిపి అరిటాకు పరిచిన మట్టిమూకుడులో పోస్తారు. కింద బొగ్గులు, పైన రేకుమీద బొగ్గులు. కిందా పైనా నిప్పు చూడగానే అమ్మమ్మ చేసే దిబ్బరొట్టె గుర్తొచ్చింది. అంతే, బిబింకా నాకు తెలిసిపోయింది!

కాలిన బిబింకాకి వెన్న రాసి, పంచదార, కోరిన కొబ్బరి చల్లుతారు. దానిమీద గేదెపాల తెల్ల చీజు, ఉప్పులో ఊరిన బాతుగుడ్డు ముక్కలు ఉంటాయి. తీపిమీద ఉప్పుగుడ్డేమిటని నేను ప్రతిసారీ ఆ ముక్కలు ఏరి పక్కన పెట్టి పిల్లలకి ఉత్త రొట్టె పెట్టేదాన్ని. బాతుల పెంపకానికి పేరుపడ్డ విక్టోరియా మాకు దగ్గరే. అక్కణ్ణుంచి వచ్చే గుడ్లని ఉప్పులో వారాలపాటు ఊరబెట్టి, మామూలు గుడ్లతో కలిసిపోకుండా పెంకుకి ఎర్రరంగు వేసి అమ్ముతారు. ఆ ఉప్పదనం నాలుకకి తగిలితేనే కిందున్న పిండి తీపి, అరిటాకు కమురువాసన, కొబ్బరి కమ్మదనం వేటికవి తెలుస్తాయి. ఏరి పక్కన పెట్టినదానికి అది తెలిసేదెలా? పైగా ఆ పని నేను చేసింది నానాయ్ పక్కన నిలబడి, ఆవిడ డబ్బిచ్చి కొనిపెట్టిన బిబింకా మీద.

ఇంట్లో చేసిన ప్రయోగాలూ ఇదే తీరు. కుచింతా అనే ఆవిరి మిఠాయి పిండిలో లిహియా అనే క్షారపు నీళ్ళు కొద్దిగా వేస్తారు. ఆ చిన్న సీసా చూసి భయపడి నేను వేయలేదు. నా కుచింతాలు చెంచాకి అంటుకునే జావముద్దల్లా వచ్చాయి. ఆ సాగే గుణం, ఆ గట్టితనం పిండికి ఇచ్చేదే క్షారం. అప్పడాల పిండిలో మనవాళ్ళూ క్షారం కలుపుతారు, పుట్టినప్పటినుంచీ తింటున్నాను, అయినా వాళ్ళు వేస్తే తప్పనిపించింది. పాలు, గుడ్లతో చేసే లెచె ఫ్లాన్ దగ్గర డబ్బాపాలని ఈసడించాను. అక్కడ పాలలో ఎక్కువ భాగం దిగుమతే, అమెరికన్ల హయాం నుంచీ కండెన్స్‌డ్ మిల్కు, ఎవాపరేటెడ్ మిల్కు డబ్బాలు వాళ్ళ వంటింట్లో స్థిరపడ్డాయి. నేను పచ్చిపాలు సంపాదించి మరగ్గాచి, పచ్చసొనలు మాత్రమే వేయాలంటే దుబారా అని గుడ్లు మొత్తం కొట్టి, నురగ వచ్చేదాకా గిలక్కొట్టి పెద్దమంట మీద ఆవిరికి పెట్టాను. లోపలంతా బొక్కలు, అడుగున నీళ్ళు. నానాయ్ ఇంట్లో నున్నగా, కత్తి పెడితే గీత కూడా కనపడకుండా తెగే ఫ్లాన్ తిన్నాక కూడా తేడా ఎక్కడుందో కనుక్కుందామని అనిపించలేదు. వాళ్ళ స్టవ్వు మంచిది అనుకున్నాను.

బికో దగ్గరికి వచ్చేసరికి నా మూర్ఖత్వం నా వంటింట్లోనే ఆగలేదు. బికో అంటే మలగ్కిట్ అనే జిగురుబియ్యాన్ని కొబ్బరిపాలలో, ముదురురంగు పంచదారతో ఉడికించి, అరిటాకు పరిచిన బిలావోలో, అంటే గుండ్రటి వెదురుచేటలో, సర్దే మిఠాయి. పైన లాతిక్, అంటే కొబ్బరిపాలు కాచగా మిగిలే వేగిన రవ్వ, చల్లుతారు. నా కంటికి అది గట్టిపడ్డ పరమాన్నం. మలగ్కిట్ మామూలు బియ్యం కన్నా ధర ఎక్కువ. బియ్యం బియ్యమే కదా అని రోజూ వండుకునే బియ్యంతోనే చేసేదాన్ని. నడిచి వెళ్ళేంత దూరంలో, పరిశోధనా సంస్థ విత్తన భాండాగారంలో, 1,30,000కు పైగా వరి రకాలు వేటికవి విడిగా భద్రపరిచి ఉన్నాయి. దేనికి దేనితో తేడా ఉందో చూడటమే నా ఇంట్లో మనిషి ఉద్యోగం. ఆ ఊళ్ళో కూర్చుని బియ్యం బియ్యమే అన్నదాన్ని నేను.

నవంబరు 1న ఉందాస్. కుటుంబాలన్నీ శ్మశానానికి వెళ్ళి సమాధులు కడిగి, పూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగించి పొద్దుపోయేదాకా అక్కడే కూర్చుంటాయి. తిండీ తిప్పలూ, కబుర్లూ, పిల్లల ఆటలూ అన్నీ అక్కడే. చనిపోయినవాళ్ళ దగ్గరికి చుట్టపుచూపుగా వెళ్ళినట్టుంటుంది. నానాయ్ భర్త సమాధి ఆ ఊళ్ళోనే. "నువ్వూ పిల్లల్ని తీసుకుని రా అనాక్, ఏమీ తేవద్దు" అని పిలిచారు. ఏమీ తేవద్దంటే ఊరుకోవచ్చుగా! బికో చేశాను. నెయ్యిలో జీడిపప్పు వేయించి, ఏలకులు దంచి, మెతుకు మెదిగిపోయేదాకా తిప్పి, ఆవిడ దగ్గర కొత్తగా నేర్చుకున్నది ఆ వెదురుచేట ఒక్కటే అన్నట్టు, ఒక పెద్ద బిలావో కొని దాన్నిండా సర్ది తీసుకెళ్ళాను. సమాధి పక్కన బల్లమీద అందరి మధ్యలో పెట్టి, "ఇది మీ బికోనే నానాయ్. మా పద్ధతిలో ఇంకాస్త బాగుచేశాను" అన్నాను. అన్నమాట అన్నట్టే రాస్తున్నాను.

ఆవిడ ఒక ముక్క తీసుకుని నెమ్మదిగా తిని "మసారాప్" అన్నారు, చాలా బావుందని. ఆ వాసన దేనిదని అడిగి ఏలక్కాయ చేతిలోకి తీసుకుని చూశారు. కొడుకులు, కోడళ్ళు, మనవలు తలో కొంచెం పెట్టించుకున్నారు. బల్లకింద అరిటాకు కప్పి ఇంకో బిలావో ఉంది. చూశాను. ఎవరైనా ఇంకొకరికి పంపాల్సిందేమో అనుకున్నాను. సాయంత్రానికి నా బికో గట్టిపడి చెంచా దిగనని మొరాయించింది. ముప్పాతిక భాగం ఇంటికి తిరిగొచ్చింది. వాళ్ళకి ఏలకుల రుచి అలవాటు లేదని మావారితో అన్నాను.

మావారు మాట్లాడకుండా లోపలికెళ్ళి దెబ్బలకి రాసే అయోడిన్ సీసా తెచ్చారు. పక్కింటినుంచి ఎప్పుడో వచ్చిన మలగ్కిట్ గింజలు డబ్బాలో కాసిని ఉంటే వాటినీ, మా బియ్యపు గింజల్నీ బ్లేడుతో అడ్డంగా కోసి, తెల్ల సాసరులో రెండువైపులా పెట్టి ఒక్కో చుక్క వేశారు. మా బియ్యం చూస్తుండగానే నల్లటి నీలంలోకి మారింది. మలగ్కిట్ ఎర్రమట్టిరంగు తేలి అక్కడే ఆగింది. గంజిపదార్థంలో అమైలోజ్ ఉంటే నీలం వస్తుందట. సాంబా మసూరి లాంటి మన బియ్యంలో అది 20 శాతం పైనే, మలగ్కిట్‌లో దాదాపు లేనట్టే. వండిన అన్నం చల్లారేకొద్దీ బిరుసెక్కడానికి ప్రధానంగా కారణం అదే. అది లేదు కనుకే బికో మర్నాటికి కూడా మెత్తగా సాగుతూ ఉంటుంది. పొద్దున్నే చేసి రోజంతా శ్మశానంలో ఆరుబయట పెట్టుకుని తినే మిఠాయికి ఆ బియ్యమే ఎందుకు కావాలో ఆ సాసరు చూస్తే తెలుస్తుంది. "ఎప్పుడైనా అడిగితే చెప్పేవాణ్ణి" అన్నారు మావారు. ఆ మాట గుచ్చుకుంది గానీ, బియ్యం మారిస్తే సరిపోతుందనే అనుకున్నాను అప్పటికి.

అసలు సంగతి డిసెంబరులో తెలిసింది. తెల్లవారుజామున చర్చి బయట నానాయ్ చిన్నకూతురు, నేను నిలబడి ఉన్నాం. వాళ్ళమ్మ మంచితనం గురించి చెబుతూ, మాటల్లో మాటగా చెప్పింది, నన్ను తప్పుపట్టాలని కాదు. బల్లకింద ఉన్నది నానాయ్ చేసిన బికో. వాళ్ళ నాన్నకి లాతిక్ దట్టంగా వేసిన బికో ఇష్టమట. ఏటా ఉందాస్ రోజు ఆవిడ చీకటితోనే లేచి చేసి, మొదటి ముక్క సమాధి మీద పెట్టాకే మిగతావాళ్ళకి పంచుతారట. నేను నాది తెచ్చి మధ్యలో పెట్టి ఆ మాట అనగానే, మూత తీయొద్దని ఆవిడ అందరికీ కళ్ళతోనే చెప్పారట. రెండూ పక్కపక్కన పెడితే ఎవరూ నాది ముట్టుకోరని, నలుగురిలో నేను చిన్నబోతానని. ఆ ఏడు ఆయన బికో ఆకు తీయకుండానే ఇంటికి తిరిగొచ్చింది.

నేను వెళ్ళి క్షమించమని అడిగాను. ఆవిడ అదేమీ కాదన్నారు, నీది వేడిగా ఉంది కదా ముందు అది తినాలనుకున్నామన్నారు. ఎంత అడిగినా అంతకుమించి ఒప్పుకోలేదు. నాకిప్పటికీ ఆ విషయంలో మనసు కుదుటపడదు. దిద్దుకునే వీలున్న తప్పు కాదది. ఆ రోజు వెళ్ళిపోయింది. మీరు బికో ఎలా చేస్తారో నేర్పండి అని మాత్రం అడగగలిగాను. అడిగేసరికి ఆవిడ మొహంలో కనిపించిన సంతోషం చూస్తే, ఈ ఒక్క ప్రశ్నకోసం ఎంతకాలం ఎదురుచూశారో తెలిసింది.

కుద్కురాన్ మీద కూర్చోవడంతో మొదలు. పొట్టి పీట, చివర పళ్ళున్న ఇనుప కోరు. మా కత్తిపీటకీ ఇలాగే ఉంటుందని నోటిదాకా వచ్చింది, ఈసారి మింగేశాను. అందుకే ఆవిడ చెప్పింది వినపడింది. చిప్ప అంచుదాకా కోరొద్దు, గోధుమరంగు పొర తగిలితే పాలు నలుపెక్కుతాయన్నారు. కోరిన కొబ్బరిని నీళ్ళు పోయకుండానే గుప్పిళ్ళతో పిండితే వచ్చేది కకాంగ్ గాటా, మీగడంత చిక్కగా ఉంటుంది. గోరువెచ్చని నీళ్ళు పోసి పిండితే రెండో పాలు. నేనెప్పుడూ మిక్సీలో నీళ్ళు పోసి తిప్పి రెంటినీ ఒకటిగా పిండేసేదాన్ని. ఇక్కడ రెండింటికీ పనులు వేరు. నానిన మలగ్కిట్ ఉడికేది రెండో పాలలో. మొదటి పాలలో కొంత పంచదారతో కలిసి పాకానికి వెళ్తుంది. మిగిలింది లాతిక్‌కి.

లాతిక్ కాచడం నేను పొయ్యి దగ్గర చూసినవాటిలో అన్నిటికన్నా ఓపిక కోరే పని. మందపాటి మూకుడులో చిక్కటి పాలు, సన్నసెగ. చాలాసేపు ఏమీ జరగదు, బుడగలు లేచి పడుతుంటాయి. మంట పెంచుదామా అంటే నానాయ్ నా చెయ్యి పట్టుకుని ఆపారు. నీరంతా పోతుండగా పాలు ముద్దగా మారి, అంచుల వెంట సన్నగా నూనె మెరుస్తుంది. ఆ ముద్ద విరిగి రవ్వరవ్వ అవుతుంది. అక్కణ్ణుంచి గరిటె ఆపకూడదు. చిటపటలు తగ్గుతున్నకొద్దీ చెవి పెట్టి వినమన్నారు, తడి పోయిందనడానికి అదే గుర్తు. తెల్లరవ్వ ఇసుకరంగుకి, ఆ తర్వాత వేరుశనగ పొట్టురంగుకి తిరుగుతుంది. ఇంకాస్త రంగు రావాలి అనిపించినప్పుడే దించేయాలి, దించాక కూడా వేడినూనెలో అది వేగుతూనే ఉంటుంది. వడకడితే పైన లాతిక్, కింద అప్పుడే పుట్టిన కొబ్బరినూనె. ఆ నూనె పారబోయరు. అరిటాకుకి రాసేది అదే, బికో పైన చేత్తో నిమిరేదీ అదే.

నెయ్యి వేయాల్సిన చోటు ఆ వంటలో లేదని అప్పుడు అర్థమైంది. కొవ్వు, వాసన, కమ్మదనం, కరకర, అన్నీ ఒక్క కాయలోంచే తీశారు. దానిమీద నేను నెయ్యి పోసి, ఏలకులు గుప్పి, లాతిక్ ఊసే లేకుండా చేసి, బాగుచేశానన్నాను. అంతకన్నా బాధాకరం ఏమిటంటే, ఆవిడ వండింది ఎన్నోసార్లు తిని కూడా ఆ వాసన నేను పట్టించుకోలేదు. తింటున్నంతసేపూ నా పరమాన్నమే తిన్నాను.

ఆ తర్వాత గడిచిన కాలం కొంచెమే. పాకంలో ఉడికిన మెతుకుని ఎంత తిప్పితే మూకుడు వదులుతుందో, ఫ్లాన్ ఆవిరికి పెట్టేటప్పుడు మూతకింద గుడ్డ ఎందుకు కట్టాలో, పలితావ్ అనే పిండి మిఠాయికి నువ్వులు ఎంత వేయించాలో చూపించారు. విసాయాస్ దీవుల వైపు బిబింకా పిండిలో కొబ్బరికల్లు పోసి పులియబెడతారని చెబితే కోనసీమదాన్నయి ఉండి నోరు తెరిచి విన్నాను. ఇంకో రెండు బియ్యపు మిఠాయిలు, సుమాన్ చుట్టడం, ఎస్పసోల్ కలపడం, మిగిలిపోయాయి. నర్సుగా పనిచేసే పెద్దకూతురు ఆవిడని కెనడా తీసుకెళ్ళింది. గోడ అవతలే ఉన్నంతకాలం నా పాల ఉండ్రాళ్ళ గురించి చెప్పుకుంటూ కూర్చున్నాను. అడగడం మొదలుపెట్టేసరికి ఆవిడ పెట్టెలు సర్దుకుంటున్నారు. ఈ నష్టం నేను చేతులారా చేసుకున్నది, దీనికి ఇంకెవరినీ ఏమీ అనలేను.

ఇప్పుడు కాకినాడలో ఉంటున్నాం. మలగ్కిట్‌కి బదులు అస్సాం బోరా బియ్యం తెప్పిస్తాను. జిగురుబియ్యమే గానీ అంతసేపు నాననక్కర్లేదని, నీళ్ళు తగ్గించాలని వీడియో కాల్‌లో మెతుకు నలిపి చూపిస్తే నానాయే చెప్పారు. ఊబే దుంప మిఠాయి హలయా చేద్దామనుకున్నప్పుడు కూడా అంతే. ఊబే, మన పెండలం ఒకే జాతి దుంపలని మావారు చెప్పారు. చెప్పినా నేను పొయ్యి వెలిగించలేదు. ముందు దుంప కోసి ఫోన్‌లో ఆవిడకి చూపించాను. తెల్లదైతే రంగు కోసం చూడకు, తొక్కతోనే ఉడికించు, చల్లారాక కోరు, ముద్దగా నలపకు అన్నారు. అక్కడ చలిలో ఆవిడ కూడా ఫ్రీజర్లో గడ్డకట్టిన ఊబే, గడ్డకట్టిన కొబ్బరితో సర్దుకుంటున్నారట. ఉందాస్ నాడు అక్కడే బికో చేసి భర్త ఫోటో ముందు పెడుతున్నారు. ఆ రోజు నేనూ చేస్తాను, ఏలకులు వేయకుండా.

పూతో బుంబాంగ్ ఒకటి చేయాలని పట్టుదలగా ఉంది. క్రిస్మస్ రోజుల్లో బిబింకా పక్కనే అమ్మే ఊదారంగు మిఠాయి అది. పిరురుతోంగ్ అనే నల్లటి జిగురుబియ్యం వల్ల ఆ రంగు. ఇక్కడ అది దొరకదు. మణిపూర్ చక్-హావ్ బియ్యం, 2020లో భౌగోళిక గుర్తింపు వచ్చినదే, అదీ నల్లగా, జిగురుగా ఉంటుంది కనుక కొంచెం తెప్పించి అయోడిన్ చుక్క వేయించి చూశాను. బోరా బియ్యం ఎక్కువ, చక్-హావ్ తక్కువ కలిపి నానబెట్టి రుబ్బి, బట్టలో కట్టి బరువు పెట్టి నీరు దిగనిచ్చి, జల్లెడ పట్టి పొడిపొడిగా చేసుకోమన్నారు నానాయ్. వెదురు గొట్టంలో వదులుగా పోయాలి, అదిమితే ఆవిరి పైకి రాదట. గొట్టాలు చేయించాను. వెదురు పచ్చివాసన పోవడానికి ఏం చేయాలో ఆదివారం ఫోన్ చేసినప్పుడు ఆవిడని అడగాలి.